కబాడీవాడు వద్దన్నవి

కురుమమ్మ తల అటకలో ఉంది, కాళ్లు స్టూలు మీద ఉన్నాయి. స్టూలుకు ఒక కాలు పొట్టి. సుందరమ్మగారు దాని కింద అట్టముక్క మడిచి పెట్టి, పక్కన నిలబడి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"ఇంకా లోపలికి చెయ్యి పెట్టవే. ఆ మూల ఏదో ఉండాలి."

ఆ మూల ఉన్నది జాడీ. మూతకు కట్టిన గుడ్డ మురిగి పింగాణీకి అతుక్కుపోయింది. చెయ్యి తగలగానే గుడ్డ మడతల్లోంచి బొద్దింకలు లేచి మోచేతి దాకా పాకాయి. కురుమమ్మ చెయ్యి విదిలించి, జాడీని రెండు చేతులా ముందుకు లాగింది. ఎలుక పెంటికలు ముఖం మీద రాలాయి. పెదవులు బిగించి కళ్లు మూసుకుంది.

"ఏవుందే అందులో?"

"ఆవకాయ అనుకుంట అమ్మ. పురుగు పట్టింది."

"మా అత్తగారు పెట్టిందై ఉంటుంది. ఆవిడ పోయి ఏడేళ్లయింది. దించెయ్."

అశోక్‌నగర్‌లోని ఆ ఇంట్లో నెల రోజులుగా ఇదే పని. సుందరమ్మగారి భర్త సూర్యప్రకాశరావుది సెక్రటేరియట్‌లో ఉద్యోగం. ఊళ్లో ప్రత్యేక తెలంగాణ గొడవలు మొదలై ఆరునెలలు దాటింది. బడులు మూతబడ్డాయి, వారానికి రెండు బందులు. కొడుకును చదువుకని విజయవాడ పంపించేశారు. ఒకరోజు రాళ్లు పడుతుంటే ఆఫీసు నుంచి నడిచి ఇంటికొచ్చిన సూర్యప్రకాశరావు, చెప్పులు విప్పుతూ, "రేపేదన్నా అయితే రెండు పెట్టెలు పట్టుకుని రైలెక్కేట్టు ఉండాలి. ఇంత సంత ఏం చేసుకుంటాం?" అన్నాడు. మర్నాటి నుంచి ఆవిడ రోజుకొక చోటు ఖాళీ చేయించడం మొదలుపెట్టింది. మొదట బీరువా పైభాగం, తరవాత మంచాల కింద, తరవాత సామాన్ల గది. ఖాళీ అయిన చోటు ముందు పీట వేసుకుని కాసేపు కూర్చునేది. గొడవల సంగతి పక్కకు పోయి, ఖాళీ చెయ్యడమే ఆవిడకు పనైపోయింది.

దించినవన్నీ కురుమమ్మ తుడిచి వరండాలో వరసగా పెట్టింది. నాలుగింటికి నారాయణగూడ వైపు నుంచి కబాడీ ఆశన్న తోపుడుబండి వచ్చింది. ఆశన్న గొంతుక్కూర్చుని ఒక్కొక్కదాన్నీ వేలి గణుపుతో కొట్టి చూశాడు. ఇత్తడి గంగాళం బండి మీదకెక్కింది. ఇనప బకెట్టు, సీసాలు, పాత పేపర్ల కట్టలు ఎక్కాయి. జాడీ అడుగున పగులు మీద బొటనవేలు పెట్టి, దాన్ని పక్కకు జరిపాడు.

"గిది నడువదమ్మ."

"ఊరికే తీసుకుపోవయ్యా."

"ఊరికే ఇచ్చినా బండి మీద బరువే గద."

చెదలు పట్టిన జాలీ అలమరను గోటితో గీరాడు. గోటితోపాటు చెక్క ఊడొచ్చింది. "ఇదీ వద్దు." తిత్తి చిరిగిన హార్మోనియాన్ని చూసి నవ్వాడు. "నాకు పాటలు రావమ్మ." చిరిగిన వెదురు తెరల చుట్టను కాలితో తోశాడు. వద్దు అనేటప్పుడు ఆశన్న ఎవరి ముఖమూ చూడడు. ఒక దాన్ని వద్దని, అదే ఊపులో పక్కదాని మీదికి చెయ్యి చాస్తాడు.

బండి సందు మలుపు తిరిగాక సుందరమ్మగారు మిగిలినవాటి వంక చూసి, కురుమమ్మ వంక చూసింది.

"జాడీ నువ్వు తీసుకుపోవే. పనికొస్తుంది. అలమర రేపు మీ ఆయన్ని పంపించు. హార్మోనియం కూడా, పెట్టెలా వాడుకోవచ్చు."

"అట్లనే అమ్మ."

"ఆ తెరలు వానకి అడ్డం కట్టుకోండి. నేను వాడినవే, మంచివి."

"అట్లనే."

జాడీలోని ఆవకాయ ముద్దను మోరీలో పారేసి, బూడిదతో మూడుసార్లు తోమింది కురుమమ్మ. ఇంకా కంపు కొడుతూనే ఉంది. దాన్ని తలమీద పెట్టుకుని చిక్కడపల్లి రోడ్డు దాటి, రాంనగర్ వెనక నాలా పక్క బస్తీకి నడిచింది.

*

ఆమె గుడిసె లోపలి కొలత పది అడుగులకు ఎనిమిది. నెల కిందట అందులో పొయ్యి, నీళ్ల కుండ, బట్టల దండెం, రెండు చాపలు ఉండేవి. ఇప్పుడు మూత లేని తోలుపెట్టె ఉంది. దాని మీద అద్దం పగిలిన పటం చట్రాలు ఉన్నాయి. చేతులు ఊడిన కుర్చీ, దాని మీద మరో కుర్చీ. పీచు బయటికొచ్చిన దిండ్లు ఏడు. జాడీలు మూడు, మూడూ పగిలినవే. చాప పరుచుకునే చోట ఇప్పుడు ఒక మనిషి మోకాళ్లు ముడుచుకుని ఒత్తిగిలి పడుకుంటే సరిపోతుంది.

బుగ్గయ్య గుడిసె బయట కూర్చుని కాలి బొటనవేలికి గుడ్డ చుట్టుకుంటున్నాడు. కుర్చీ కోడు తగిలి గోరు లేచిపోయింది. బందుల మూలాన కంకర పని లేదు, పగలంతా ఇంటి దగ్గరే ఉంటున్నాడు.

"ఇయ్యాల ఏం తెచ్చినవ్?"

"జాడీ. రేపు నిన్ను రమ్మంది. అలమర, హార్మోనియం ఉన్నయి."

"హార్మోనియమా? మంచిదే. పాట పాడేటి అల్లుణ్ణి గుడ ఇస్తదేమో అడుగక పోయినవ్."

"ఎగతాళి జెయ్యకు."

"ఎగతాళి ఏంది? ఇంగ మనం బైట పండి, సామాన్లకు తలుపేసి కావలి గాయాలె. శుక్రారం పిల్లొస్తది. యాడ పండవెడతవ్?"

కూతురు లక్ష్మికి నెలలు నిండాయి. తొలి కాన్పు. పాలమూరు వైపు నుంచి బస్సులో అల్లుడు తీసుకొచ్చి దించిపోతానని కబురు చేశాడు. కురుమమ్మ జాడీని దించి, పెట్టడానికి చోటు వెతికింది. దొరక్క గుమ్మంలోనే పెట్టింది.

"వద్దని చెప్పరాదు?" అన్నాడు బుగ్గయ్య.

"నర్సింహమ్మకు ఏమైంది ఎర్కలేదా నీకు?"

నర్సింహమ్మ నాలుగు గుడిసెల అవతల ఉంటుంది. సుందరమ్మగారింట్లో ఆమె పనిచేసేటప్పుడు ఒక గుండిగ ఇచ్చారు. దాన్ని ఆమె రాంనగర్‌లో అమ్ముకుంది. అంగడి ముందు వేలాడుతున్న ఆ గుండిగను సుందరమ్మగారు గుర్తుపట్టింది. ఇచ్చిన వస్తువు అమ్ముకునే మనిషి ఇంట్లో వస్తువు ఎత్తుకుపోదని ఏమిటి నమ్మకమని ఆ పూటే మాన్పించింది. ఆ మాట వీధంతా పాకి, నర్సింహమ్మకు అశోక్‌నగర్‌లో మళ్లీ పని దొరకలేదు. అప్పటినుంచి పనివాళ్లందరికీ ఒకటే లెక్క: ఇచ్చింది తీసుకోవాలి, తీసుకున్నది ఉంచుకోవాలి.

"అమ్మొద్దు. పారేద్దాం. నాలా ఉంది గద."

"రోజూ అడుగుతది. కుర్చీ యాడ ఏసినవ్, దిండ్లు ఎండల పెట్టినవా అని."

నిజమే. ఇచ్చిన సామాను గురించి సుందరమ్మగారు అత్తవారింటికి పంపిన పిల్ల గురించి అడిగినట్టు అడిగేది. ఆ పూట వాన మొదలైతే బుగ్గయ్య దిండు నెత్తిన పెట్టుకుని గోడకు ఆనుకుని కూర్చున్నాడు. దిండు తడిసి, దానిలోంచి పసుపుపచ్చని నీళ్లు అతని మెడ మీదుగా కారాయి. దిండు తీసి పక్కన పెట్టి, వానలోనే కూర్చున్నాడు.

*

బుధవారం సామాన్ల గది పూర్తిగా ఖాళీ అయింది. కురుమమ్మ గచ్చు కడిగి, గుడ్డతో తుడిచి, తలుపు దగ్గర నిలబడింది. సుందరమ్మగారు లోపలికొచ్చి నాలుగు గోడలూ చూసింది. గది మధ్యకు నడిచి, కొంగు బొడ్లో దోపుకుని, గచ్చు మీద వెల్లకిలా పడుకుంది. కాళ్లు చాపింది. చేతులు రెండువైపులా చాపింది. ఎటూ ఏదీ తగల్లేదు.

"ఎంత హాయిగా ఉందో చూడవే. ఇన్నాళ్లూ ఈ చెత్త కింద బతికాం. మనిషికి ఇంతకంటే ఏం కావాలి చెప్పు?"

కురుమమ్మ గదిని చూసింది. ఆ మూల నుంచి ఈ మూలకు అడుగులు లెక్కపెట్టింది. తన గుడిసెను మూడుసార్లు పక్కపక్కన పెట్టినా కిటికీ కింద ఇంకా జాగా మిగులుతుంది.

"అవునమ్మ" అంది.

పక్కింటి అన్నపూర్ణమ్మగారు చక్కెర అడగడానికొచ్చి ఖాళీ గదిని చూసి బుగ్గన చెయ్యి పెట్టుకుంది.

"అమ్మో, అన్నీ ఏం చేశారండీ?"

"వదిలించుకున్నానండీ. ప్రాణం తేలికైపోయింది. కురుమమ్మకి ఇల్లంతా నింపేశాను."

"నీ పని బావుందే కురుమమ్మా. మా ఇంట్లో చేరు, నేనూ ఇస్తాను."

ఇద్దరూ నవ్వారు. కురుమమ్మ తడిగుడ్డ పిండుకోవడానికి పెరట్లోకి వెళ్లింది.

గురువారం మిగిలింది ఒక్కటే. మంచం పట్టె వెనక చాపలో చుట్టి నిలబెట్టిన పరుపు. సుందరమ్మగారి మామగారు చివరి రెండేళ్లూ దాని మీదే ఉన్నాడు. ఆయనకు లేవడం కుదరక అన్నీ దాని మీదే అయిపోయేవి. చాప విప్పగానే గదిలో గాలి మారింది. మధ్యలో మరక, దాని చుట్టూ ఇంకో మరక, అంచులు గోధుమరంగులో గట్టిపడి ఉన్నాయి.  నల్లి గుడ్లు కుట్ల వెంబడి వరసగా ఉన్నాయి. పరుపును వరండాలోకి లాగి కర్రతో కొట్టింది. దుమ్ము లేవలేదు. చెమ్మ పట్టిన దూది దెబ్బకు మెత్తగా లోపలికి పోయి మళ్లీ పైకి లేచింది.

ఆశన్న బండి ఆపాడు గాని లోపలికి రాలేదు. గేటు దగ్గర్నుంచే చూశాడు.

"ముసలాయన పరుపా?"

"ఆయన దాని మీద పోలేదయ్యా" అంది సుందరమ్మగారు. "ప్రాణం పోయేముందే చాప మీదికి దించేశాం. దోషం లేదు."

"దోషం గాదమ్మ, వాసన. నాకొద్దు."

"ఎదురు డబ్బులిస్తాను, తీసుకుపో."

"వద్దమ్మ."

బండి కదిలింది. సుందరమ్మగారు వరండా మెట్టు మీద కొంచెంసేపు నిలబడింది. ఇల్లంతా ఖాళీ అయింది, ఇది ఒక్కటే ఉంది. దాన్ని అటూ ఇటూ చూసి, ముఖం తేటపడి, కురుమమ్మ వైపు తిరిగింది.

"మీ లక్ష్మి రేపు వస్తుందన్నావు కదూ? పచ్చి బాలింత వట్టి నేలమీద పడుకోకూడదు. ఒంటికి వాతం చేరుతుంది. ఇది తీసుకుపో. పైన పాత చీర పరిస్తే ఏమీ తెలీదు."

కురుమమ్మ పరుపు వంక చూసింది. నాలుక మీద ఏదో చేదు వచ్చింది. ఉమ్మెయ్యడానికి పెరట్లోకి వెళ్లి, ఉమ్మి, నోరు కడుక్కుని వచ్చింది.

"ఏవే?"

"అట్లనే అమ్మ."

పరుపు తలమీద మడత పడి రెండు పక్కలా కళ్ల మీదికి వేలాడింది. దారిలో మూడుచోట్ల గోడకు ఆనుకుని నిలబడింది. చిక్కడపల్లి బస్టాపులో నిలబడ్డవాళ్లు ఆమె దాటేదాకా ముక్కులు మూసుకున్నారు.

*

శుక్రవారం మధ్యాహ్నం లక్ష్మి వచ్చింది. అల్లుడు బస్సు దిగగానే ఎదురు బస్సుకు వెళ్లిపోయాడు. లక్ష్మి నడుం మీద చెయ్యి వేసుకుని గుమ్మం దగ్గర నిలబడి లోపలికి తొంగిచూసింది.

"ఇదేందమ్మ? దుకాణం పెట్టినవా?"

"దొరసాని ఇచ్చింది."

"ఇంత మంచిదా ఆమె?"

కురుమమ్మ అలమరను గోడకు నొక్కి, కుర్చీలను పొయ్యి మీదికి ఎత్తి, ఉన్న నేల మీద పరుపు వేసింది. అది సగమే పరుచుకుంది, రెండో సగం హార్మోనియం మీదికి లేచింది. పైన పాత చీర పరిచింది. లక్ష్మి కూర్చోబోయి, వంగి, అలాగే ఆగిపోయింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని బయటికి పోయి నాలా ఒడ్డున వాంతి చేసుకుంది. తిరిగి లోపలికి రాలేదు. బయట రాయి మీద కూర్చుంది. నాలా నీళ్లు నిండుగా, నల్లగా పోతున్నాయి.

సాయంత్రం బాలనాగమ్మ వచ్చింది. బస్తీలో కాన్పులన్నీ ఆమె చేతి మీదే. లక్ష్మి కడుపు మీద అరచెయ్యి ఆనించి చూసి, "ఎల్లుండి దాటది" అంది. తరవాత గుడిసెలోకి వంగి చూసింది. చీర అంచు ఎత్తి, కింద పరుపు చూసి, అంచు వదిలేసింది.

"కురుమమ్మ, నేనీడ కాన్పు జెయ్య."

"అట్లంటె ఎట్లక్కా?"

"పిల్ల కాళ్లు యాడ చాపుతది? నేను యాడ కూసుంట? ఆ కంపుల పసిగుడ్డును ఏస్తవా? పుండు పడి సస్తది. మనిషి పండే నేల చూపియ్యి, వస్త. లేకుంటె దవాఖానకు తీస్కపో, బందు లేని నాడు చూసి."

చెయ్యి కడుక్కుని వెళ్లిపోయింది. బుగ్గయ్య భార్య ముఖం చూశాడు. ఈసారి ఎగతాళి చెయ్యలేదు.

"కబాడాయన బండి పొద్దున తొమ్మిదింటి దాక ఊకెనె ఉంటది" అంది కురుమమ్మ. "అడుక్కొనిరా."

"అమ్మనీకా?"

"కాదు."

*

శనివారం పొద్దున ఏడింటికి బండి మీద సామాను ఎక్కించారు. కింద అలమర, దాని మీద కుర్చీలు, తోలుపెట్టె, చట్రాలు, హార్మోనియం. తెరలు పక్కలకు కట్టారు. జాడీలు దొర్లిపోకుండా దిండ్లు మధ్యలో దోపారు. అన్నిటి మీదా పరుపు. బుగ్గయ్య ముందు లాగాడు, కురుమమ్మ వెనక నెట్టింది. ఎత్తు దగ్గర చక్రం గుంటలో పడితే, పనికోసం అడ్డా మీద నిలబడ్డవాళ్లు ఇద్దరు వచ్చి చెయ్యి వేశారు.

"ఆంధ్రోళ్లు పోతున్నరా ఏంది, ఇంత సామాను?" అన్నాడు ఒకడు.

"సామానే వాళ్లింటికి పోతుంది" అన్నాడు బుగ్గయ్య.

సుందరమ్మగారు గేటు ముందు ముగ్గు వేస్తోంది. బండి చప్పుడుకు తలెత్తి, చేతిలో ముగ్గుపిండితో లేచి నిలబడింది. ఒక్కొక్క వస్తువునూ గుర్తుపట్టింది.

"ఎక్కడికే ఇవన్నీ? అమ్ముకోవడానికా?"

"లేదమ్మ. మీ ఇంటికే తెచ్చిన."

"మా ఇంటికేవిటి?"

కురుమమ్మ పరుపు అంచు పట్టుకుంది. "నాకొద్దమ్మ" అంది. ఆవిడ ముఖం చూడలేదు. పరుపును లాగి భుజాన వేసుకుని, మెట్లెక్కి, వరండాలో వేసింది. తిరిగొచ్చి హార్మోనియం తీసుకుంది.

"ఇచ్చింది వెనక్కి తెస్తారా ఎక్కడైనా? మీ మంచికోరి ఇచ్చాను."

"మా ఇంట్ల జాగ లేదమ్మ. పిల్ల బైట రాయి మీద కూసుంది."

"అయితే ఆ రోజే చెప్పాల్సింది. నోరు లేదూ నీకు?"

"ఇప్పుడు చెప్తున్న గదమ్మ."

బుగ్గయ్య జాడీలు ఒక్కొక్కటే దించి గోడ వారగా పెట్టాడు. వరండా నిండింది. నడవడానికి గుమ్మం ముందు అడుగు వెడల్పున దారి మిగిలింది. చప్పుడుకు సూర్యప్రకాశరావు పేపరు పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. తండ్రి పరుపును చూశాడు. పేపరు ముక్కు దాకా లేచింది.

"అది మళ్లీ ఎందుకొచ్చింది? లోపలికి మాత్రం తేవద్దు" అని భార్యతో చెప్పి లోపలికి పోయాడు.

బుగ్గయ్య బండి తిప్పుకుని వెళ్లాడు. కురుమమ్మ చేతులు కడుక్కుని, చీపురు తీసుకుని, లోపల నాలుగు గదులూ ఊడ్చింది. ఖాళీ గదిని కూడా ఊడ్చింది. అంట్లు తోమి బోర్లించింది. వరండాలో సామాను జరపలేదు, దాని చుట్టూ ఊడ్చింది. సుందరమ్మగారు వంటింటి గుమ్మంలో నిలబడి అంతా చూసింది. రేపట్నుంచి రావద్దు అనడానికి ఆవిడ రెండుసార్లు నోరు తెరిచినట్టు కురుమమ్మకు అనిపించింది. రెండుసార్లూ ఆవిడ కళ్లు పరుపు మీదికి పోయి, మాట ఆగింది.

"పోయొస్త అమ్మ" అని మెట్లు దిగింది.

గుడిసెకు వెళ్లేసరికి బుగ్గయ్య నేల తడిపి చెక్కతో చదును చేస్తున్నాడు. ఇద్దరూ పేడ కలిపి అలికారు. ఆరాక చాప పరిచారు. లక్ష్మి లోపలికొచ్చి, మెల్లగా కూర్చుని, పక్కకు ఒరిగి, వెల్లకిలా తిరిగింది. కాళ్లు నిండుగా చాపింది. ఆమె తల దగ్గర ఒక మనిషి, కాళ్ల దగ్గర ఒక మనిషి కూర్చునేంత నేల ఇంకా ఉంది. కురుమమ్మ తల దగ్గర కూర్చుంది.

ఆదివారం మిట్టమధ్యాహ్నం ఆడపిల్ల పుట్టింది. బాలనాగమ్మ బొడ్డు కోసి, నీళ్లు పోసి, నేల అంతా ఒకసారి చూసి, "ఇప్పుడు ఇల్లు లెక్క ఉంది" అంది.

*

సోమవారం పొద్దున కురుమమ్మ అశోక్‌నగర్ వెళ్లింది. పరుపు వరండాలో లేదు, మెట్ల మీదికి వచ్చింది. సగం పై మెట్టు మీద ఉంది, సగం కింద మెట్టు మీదికి జారి ఉంది. సుందరమ్మగారు దాని అంచును పాతగుడ్డతో పట్టుకుని లాగుతోంది. కొంగు ముక్కుకు కట్టుకుంది. జుట్టు ఊడి నుదుటి మీద పడింది. పరుపు మెట్టు అంచుకు పట్టుకుని రావడం లేదు. కురుమమ్మను చూసి గుడ్డ వదిలేసి రొప్పింది.

"వచ్చావా. ఆశన్నగాడు రెండురోజులుగా మన సందులోకే రావడం లేదు. ఆయనేమో ముట్టుకోనంటారు. ఆ చివర పట్టుకో, గేటు దాకా లాగేద్దాం."

కురుమమ్మ గేటు బయటే నిలబడింది.

"చెప్పిపోదామని వచ్చినమ్మ. నిన్న లక్ష్మికి బిడ్డ పుట్టింది."

సుందరమ్మగారు రెండడుగులు వెనక్కి వేసింది. మడమ పరుపు మీద పడింది. కిందికి చూసి, కాలు తీసి పక్క మెట్టు మీద పెట్టింది.

"అక్కడే ఉండు. పురిటింటి నుంచి వచ్చి గేటు ముట్టుకోకు. శుద్ధి అయ్యేదాకా, పది రోజులు, రావద్దు."

"రానమ్మ."

"ఈ పది రోజులూ..." అని ఆవిడ వరండా అంతా చూసింది. అలమర, కుర్చీలు, జాడీలు. వంటింట్లో రాత్రి అంట్లు అలాగే ఉన్నాయి. కొంగు ముక్కు మీంచి జారింది. వాసనకు ముఖం చిట్లించి, మళ్లీ కట్టుకుంది.

"పోనీ మీ బస్తీలో ఎవరికైనా కావాలేమో అడిగి పంపించు. ఊరికే ఇస్తానని చెప్పు. అన్నీ ఇస్తాను."

"అడుగనమ్మ."

"ఏం?"

"ఎవ్వలింట్ల జాగ లేదు."

సుందరమ్మగారు  వంగి, పడిపోయిన గుడ్డ వెతుక్కుని, అది పరుపు కింద ఇరుక్కుపోయి దొరక్కపోతే, వట్టి చేతులతో అంచు పట్టుకుంది.